మాస్టారింట్లో తాళం పడని రోజు

మా మాస్టారు పోయారన్న కబురు ఆదివారం పొద్దున్న షెడ్డు బయట నిలబడి ఉండగా తెలిసింది. ఆరు గంటలకు రైఫిళ్ల సంచులతో ఆయన ఆటో మిల్లు గేటు దగ్గర మలుపు తిరగాలి. ఆరున్నరైనా తిరగలేదు. ఆలస్యంగా రావడం ఆయనకు అలవాటు లేని పని, కాబట్టి ఆటో చెడిపోయి ఉంటుందని మాలో మేమే తేల్చుకున్నాం. అంతలో సీనియర్ అక్కకు ఫోను వచ్చింది. ఆమె విన్నంతసేపూ గేటు వైపే చూసి, పెట్టేశాక, "నిద్దట్లోనే అయిపోయిందంట" అంది. ఎవరికి అని ఎవరమూ అడగలేదు. నా చేతిలో కొత్త టార్గెట్ కాగితాలున్నాయి. వాటి అంచులు సరిచేసి, రబ్బరు బ్యాండు వేసి, సంచిలో పెట్టుకున్నాను. అప్పుడు నేను చేసింది అంతే. ఏడుపు రాలేదు. ఇది రాస్తున్న వేళకీ రాలేదు.

మాస్టారు హైస్కూల్లో పీఈటీగా పనిచేసి రిటైరయ్యారు. నరసన్నపేటలో మూతబడిన ఒక రైసు మిల్లు షెడ్డును యజమానిని బతిమాలి పుచ్చుకుని, ఒక గోడకు ఇసుక బస్తాలు పేర్చి, పది మీటర్లు కొలిచి సున్నంతో గీత గీసి, మాలాంటి ఇంటరు, డిగ్రీ పిల్లలకు ఎయిర్ రైఫిల్ నేర్పేవారు. ఐదు రైఫిళ్లూ ఆయన సొంతం. షెడ్డు తలుపు గట్టిగా తోస్తే ఊడి వచ్చే రకం కాబట్టి వాటిని ఏ రోజుకారోజు ఇంటికి తీసుకుపోయి బీరువాలో పెట్టేవారు.

ఆయన్ని సాగనంపిన సమయంలో నేను ఆ ఇంట్లోనే ఉన్నాను. కానీ వీధిలోకి రాలేదు. పాదాలకు దండం పెట్టలేదు, ఒక్క పువ్వు వేయలేదు. తోటివాళ్లు ఎందుకని అడిగారు. ఆయన బంధువొకావిడ, అంత నేర్పిన మనిషి మీద నాకు ఆ మాత్రం విశ్వాసం లేకపోయిందని మా అమ్మతోనే అంది. ఇంటికొచ్చాక ఆ రాత్రి అమ్మ అన్నం వడ్డిస్తూ నా మొహం వైపు చూడలేదు. వాళ్లందరికీ ఒక్క వాక్యంలో చెప్పే జవాబు నా దగ్గర లేదు. అందుకని ఆయన గురించే కొంచెం చెబుతాను.

నేను చేరిన కొత్తలో నాకు ఆట కంటే దాని సామాను మీద మోజు. స్లింగ్, బ్లైండర్, పెల్లెట్ అని కొత్త మాట ఏది దొరికినా రోజంతా నోట్లో తిప్పుకునే అలవాటు నాది. ఫోనులో ఎర్ర చారల షూటింగు జాకెట్టు ఒకటి చూసి, నాన్నతో కొనిపించుకోవాలని మాస్టారికి చూపించాను. ఆయన కళ్లజోడు పైకి తోసి చూశారు.

"రంగు బాగున్నాది. కానీ టార్గెట్టుకి నీ రంగు అగుపడదు కదమ్మా."

తన ట్రంకు పెట్టెలోంచి పాత జాకెట్టు తీసి నాకు తొడిగించారు. ఎవరెవరో తొడిగి విప్పిన గట్టి గుడ్డ, భుజం దగ్గర తోలు అరిగిపోయి ఉంది. గుండీలు పెట్టుకుని నిలబడమన్నారు, ఊపిరి తీసుకోమన్నారు, తర్వాత కూర్చోమన్నారు. కూర్చుంటే అది మెడ కిందకు వచ్చి పొడిచింది. "నిలబడితే పట్టుకోవాలి, కూర్సుంటే తిట్టాలి. అదీ జాకెట్టంటే" అన్నారు. ఆ పాతదే నాకు సరిపోయింది. కొత్తది కొనాల్సిన పని పడలేదు.

ఎడమ చేతి గ్లౌవు ఎంచుకోవడానికి మూడు రోజులు పట్టించారు. రోజుకొక గ్లౌవు ఇచ్చి, రైఫిల్ ఇవ్వకుండా, బల్ల మీద చెయ్యి ఆనించి గంటసేపు ఊరికే ఉండమనేవారు. మూడో రోజు, ఏది బాగుందో కాదు, ఏది వేసుకున్నానన్న సంగతి మర్చిపోయానో చెప్పమన్నారు. కంటికి అడ్డుపెట్టే బ్లైండర్ మాత్రం ఎవర్నీ కొననిచ్చేవారు కాదు. పాత పెళ్లికార్డులు కత్తిరించి ఇచ్చేవారు. నల్లటిది పెడితే మూసిన కన్ను బెంగపడి రెండో కంటిని కూడా లాగుతుందట, తెల్లటిదైతే తేలిగ్గా ఉంటుందట. మా కళ్ల ముందు ఎవరెవరో పెళ్లికొడుకుల పేర్లు సగం సగం తెగి ఉండేవి.

పెల్లెట్ల డబ్బా కొత్తది వస్తే గాజు పలక మీద ఒక్కొక్కటీ దొర్లించి చూసేవారు. వంకరగా దొర్లింది పక్కన పెట్టేవారు. అవి సీసపు గుళ్లు, శనగగింజ కంటే చిన్నవి. వాటిని ముట్టుకున్న చేతిని సబ్బుతో కడగనిదే మంచినీళ్లు కూడా తాగనిచ్చేవారు కాదు. వానాకాలంలో రైఫిల్ని దాని సొంత పెట్టెలో ఉంచకూడదనేవారు. పెట్టెలోని స్పాంజి మన సముద్రపు గాలి తేమంతా పీల్చుకుని ఇనుముకు పడుతుందట. చెప్పుల షాపుకు వెళ్లి, కొత్త చెప్పుల డబ్బాల్లో ఉండే తేమ లాగే పొట్లాలు అడిగి తెచ్చుకునేవారు. "ఏటి మాస్టారూ, చెప్పులు కొనకుండా పొట్లాలు పట్టుకుపోతారు" అని షాపతను ప్రతిసారీ అనేవాడు. ఆయన ప్రతిసారీ నవ్వేవారు.

ఇంత ఓపిక ఉన్న మనిషి ఒక్క విషయంలో మాత్రం ఒక్క అడుగు తగ్గేవారు కాదు. ఎవరైనా రైఫిల్ని ఇంటికి తీసుకుపోయి ప్రాక్టీసు చేసుకుంటామంటే ముందు వాళ్ల ఇంటి బొమ్మ గీసి తెమ్మనేవారు. గదులు, తలుపులు, కిటికీలు, ఎవరు ఎక్కడ పడుకుంటారు అన్నీ. అందులో తుపాకి ఎక్కడ ఉంటుందో, గుళ్లు ఎక్కడ ఉంటాయో, తాళం ఎక్కడ ఉంటుందో గుర్తు పెట్టాలి.

"తుపాకి ఒక సోట, గుళ్లు ఒక సోట, తాళం నీ ఒంటి మీద. మూడూ ఒక గదిలో కలిస్తే ఆ గదిలో నువ్వుండాలి" అనేవారు.

యూనివర్సిటీ జట్టు ఎంపికలకు ముందు నేనూ అడిగాను. బొమ్మ గీశాను, అందంగా రంగులు కూడా వేశాను. ఆయన దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, మర్నాడు సాయంత్రం మా ఇంటికి వచ్చారు. టీ తాగారు. పొలం గురించి నాన్నతో మాట్లాడారు. లేవబోయే ముందు గుమ్మం పక్కన కూర్చున్న మా నాయనమ్మ వైపు తిరిగి, బీరువా తాళం ఎక్కడుంటాదమ్మా అని అడిగారు.

తనను కూడా ఒక మాట అడిగినందుకు నాయనమ్మ పొంగిపోయింది. "దేవుడి గూట్లో, పసుపు డబ్బా ఎనకాల బాబూ. తెమ్మంటారేటి?"

మాస్టారు నన్ను తిట్టలేదు. టీ బాగుందని అమ్మతో చెప్పి వెళ్లిపోయారు. పది రోజుల తర్వాత మళ్లీ వచ్చినప్పుడు తాళం బియ్యం డ్రమ్ములోకి మారింది. ఆసారి పెరట్లో ఉన్న పక్కింటి పిన్నిని అడిగారు. ఆవిడ కూడా చెప్పేసింది. ఎందుకింత పట్టుదల అని నాకు కోపం వచ్చి అడిగేశాను. మనవాళ్ల ఇళ్లలో తాళం అందరిదీనమ్మా, అది మంచిదే, కానీ తుపాకి ఒక్కరిదే అవ్వాలి అన్నారు.

నాలుగోసారి వచ్చేసరికి తాళం నల్లదారానికి కట్టి నా మెడలో ఉంది. ఎవరికీ చెప్పలేదు, ఎవరికీ ఇవ్వలేదు. ఆయన అడగగానే నాయనమ్మ మొహం ముడుచుకుంది. "ఈ ఇంట్లో నాకేటి సెప్తారు బాబూ? ముసిల్దాన్నయిపోనాను, తాళం కూడా దాస్తన్నారు." మాస్టారు అంత గట్టిగా నవ్వడం నేను అదే చూడటం. ఆ సాయంత్రమే రైఫిల్ మా ఇంటికి వచ్చింది. ఎంపికలు అయ్యాక తిరిగి ఇచ్చేశాను. జట్టులో నాకు చోటు రాలేదు. ఆ సంగతి చెబితే ఆయన, గ్లౌవు ఎండలో ఆరబెట్టావా లేదా అని మాత్రం అడిగారు.

ఇక ఆ ఆదివారం సంగతి.

మేము వెళ్లేసరికి ఇల్లు నిండిపోయి ఉంది. మాస్టారిని అరుగు మీద పడుకోబెట్టారు. నేను దగ్గరకు వెళ్లకుండా, చెప్పులు విడిచి, మంచినీళ్ల బిందె ఎక్కడ పెట్టాలో చూద్దామని లోపలి గదిలోకి నడిచాను. ఏదో ఒక పని చేతిలో ఉండాలనిపించింది. ఆ గదిలో బీరువా ముందు అమ్మగారి తమ్ముడు నిలబడి ఉన్నాడు. అమ్మగారంటే మాస్టారి భార్య, మేమంతా అలాగే పిలిచేవాళ్లం. స్నానం చేయించేటప్పుడు మాస్టారి మొలతాడు తెంపితే దానికున్న తాళాల గుత్తి ఈ తమ్ముడి చేతికి వచ్చింది. బీరువా తెరిచి పట్టుపంచె తీసుకుని, తలుపు మోకాలితో నెట్టి, గుత్తి జేబులో వేసుకుని, కట్టెల సంగతి చూడాలంటూ బండి మీద వెళ్లిపోయాడు. తాళం వేయలేదు. ఆ బీరువా తలుపు తాళం పడకపోతే నిలవదు. నేను చూస్తుండగానే నాలుగు వేళ్ల మేర తెరుచుకుంది. లోపల వేలాడే చీరల పక్కన ఐదు సంచులు నిలబెట్టి ఉన్నాయి.

కిటికీ పక్క బల్ల మీద గాజు పలక ఉంది. దాని మీద పెల్లెట్లు. మూత తీసిన డబ్బా. ముందు రోజు సాయంత్రం దొర్లించి చూస్తూ, మిగతావి పొద్దున్న చూద్దామని వదిలేసినట్టున్నారు. గుళ్లకు చోటు వంటింటి అటక మీద అని మాకందరికీ తెలుసు. ఆయన ఇంట్లో తాళం తీసిన బీరువా, తుపాకులు, గుళ్లు ఒకే గదిలో కలవడం నాకు తెలిసి అదే మొదటిసారి.

బల్ల దగ్గర ఒక పిల్ల నిలబడి ఉంది. మాస్టారి మనవరాలు, కొత్తవలస నుంచి అప్పుడే వచ్చారు. ఆరేళ్లుంటాయి. గుప్పిట తెరిచి చూపించింది. మూడు పెల్లెట్లు.

"తాతయ్య పూసలు" అంది. "నాకు మూడే. అన్నయ్యలు బోల్డు తీసుకున్నారు."

డబ్బాలోవి, పలక మీదవి, ఆ పిల్ల గుప్పిట్లోవి గబగబా ఎత్తి నా సంచిలో వేసుకున్నాను. అన్నయ్యలు ఎందరో, ఎన్ని తీశారో తెలియదు. నా సీసాలో నీళ్లతో చున్నీ కొస తడిపి ఆ పిల్ల చేతులు రెండుసార్లు తుడిచాను. తర్వాత వెళ్లి బీరువా తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాను.

అమ్మగారి తమ్ముడి నంబరు కనుక్కుని ఫోను చేశాను, ఎత్తలేదు. ఒక కుర్రవాణ్ణి వెతకమని పంపాను. గదిలోకి వచ్చిన పెద్దావిడకు సంగతి చెప్పబోయాను.

"ఏటే పిల్లా, నీ బీరువా గోల? మడిసి ఎల్లిపోతంటే" అంది ఆవిడ, చీర కొంగుతో ముక్కు తుడుచుకుంటూ. నిజమే. అమ్మగారి దగ్గరకు వెళ్లి ఆ సమయంలో తాళం గురించి ఎలా అడుగుతాం?

ఇద్దరు మగపిల్లలు వచ్చి తలుపు సందులోకి తొంగి చూశారు. ఒక్కసారి చూపించమన్నారు. కుదరదన్నాను. చెయ్యి పట్టి లాగబోయారు. జేబులు ఖాళీ చేయమంటే పరిగెత్తి పారిపోయారు. మనవరాలు మాత్రం వెళ్లలేదు.

"ఇందులో తాతయ్య తుపాకులున్నాయి కదా?"

లేవనేద్దామనిపించింది. పిల్లలకు అబద్ధం చెప్పొద్దని, లేవంటే వెతుకుతారని మాస్టారు మాకు చెప్పిన మాట అడ్డం వచ్చింది.

"ఉన్నాయి. నువ్వు ముట్టకూడదు" అన్నాను.

"నువ్వు ముడతావా?"

"ఇవాళ నేను కూడా ముట్టను."

ఆ జవాబు దానికి నచ్చినట్టుంది. నా కాళ్ల దగ్గర కూర్చుంది. ఎంతసేపో తెలియదు. నా వీపు వెనక తలుపు మెల్లగా తోస్తూ ఉంది, నేను దాన్ని మెల్లగా నెడుతూ ఉన్నాను. మాస్టారి గురించి ఏదైనా తలుచుకుందామని చూశాను. ఏదీ రాలేదు. కాళ్లు తిమ్మిరెక్కాయి, అంతే. తాళాలు మధ్యాహ్నం దాటాక, అందరూ శ్మశానం నుంచి తిరిగి వచ్చాకే వచ్చాయి. అప్పుడు బీరువా తాళం వేసి, గుత్తి అమ్మగారి చేతిలో పెట్టాను. ఆవిడ దాన్ని చూసి, నన్ను చూసి, కొంగున ముడేసుకుంది.

కానీ దానికి చాలా ముందే బయట శంఖం ఊదారు. డప్పులు మొదలయ్యాయి. సీనియర్ అక్క గుమ్మంలోకి వచ్చి, బేగి రావే, ఎత్తేస్తున్నారు అని పిలిచింది. రాలేనని తల అడ్డంగా ఊపాను. ఆమె ఒక్క క్షణం చూసి వెళ్లిపోయింది. పారిపోయిన మగపిల్లలు ఎటు పోయారో, ఏ క్షణాన తిరిగి వస్తారో తెలియదు. గదిలో నేనూ ఆ పిల్లా మిగిలాం. అది లేచి కిటికీ ఎక్కి ఊచలు పట్టుకుంది. నా చోటు నుంచి చూస్తే కిటికీలో దాని వీపు, పైన కాస్త ఆకాశం, అంతే కనిపిస్తున్నాయి.

"తాతయ్యని కిందకి దించారు" అంది అటే చూస్తూ. తర్వాత, "అమ్మమ్మ పడిపోతంది, మా అమ్మ పట్టుకుంది" అంది. "మీ వోళ్లందరూ పూలేస్తన్నారు."

"మొహం అగుపడతందా?" అని అడిగాను. ఆ రోజు మొత్తంలో నాకోసం నేను అడిగింది అదొక్కటే.

"అగుపడతంది. కళ్లజోడు నేదు."

డప్పులు కదిలాయి. "ఎత్తేశారు" అంది. "నడుస్తన్నారు." చప్పుడు దూరమై, మలుపు దాటి, వినపడకుండా పోయింది.

"ఇంక అగుపడట్లేదు" అంది.

దిగమన్నాను. దిగలేదు. నాకు చెప్పడం తన పనని అనుకున్నట్టుంది, బుగ్గ ఊచకు ఆనించి అలాగే చెబుతూ పోయింది. రోడ్డు మీద బంతిపూలున్నాయంది. కుక్క వచ్చి వాసన చూసిందంది, తినలేదంది. ఎవరో ఆవిడ గుమ్మంలో నీళ్లు చల్లుతోందంది.

"పాలబండి వస్తంది" అంది. కాసేపు ఊపిరి బిగబట్టి చూసింది. "పూల మీంచి ఎల్లనేదు. పక్క నుంచి ఎల్లింది."