మునిరత్నమన్న కట్టిన కట్టు

ఈ ఉదయం ప్రయోగశాల బల్ల మీద ఉన్నవి: వేలెడంత ఇత్తడి కడ్డీ, రెండు బుల్లి థర్మామీటర్లు, వెంట్రుకంత సన్నని తీగలు, నూలుదారపు ఉండ, వార్నిష్ సీసా. మనిషిని నేనొక్కణ్ణే. సీసా మూత తీయగానే ఆ ఘాటు వాసనకు తిరుపతిలో పరిశోధన చేసిన రోజులు, మా ల్యాబ్ టెక్నీషియన్ మునిరత్నమన్న గుర్తుకొచ్చాయి. ఆయనది పుత్తూరు. విరిగిన ఎముకలకు కట్లు కట్టే కుటుంబం.

ద్రవ హీలియం చల్లదనంలో, అంటే మైనస్ 269 డిగ్రీల దగ్గర, లోహాలు వేడిని ఎంత మోస్తాయో కొలవడం అప్పట్లో నా పని. ఇత్తడి కడ్డీ ఒక కొసను చల్లని రాగి దిమ్మెకు బిగించి, రెండో కొసను చిన్న హీటరుతో వేడిచేసి, మధ్యలో రెండుచోట్ల ఉష్ణోగ్రత చూడాలి. హీటరు ఆపేస్తే రెండు థర్మామీటర్లూ ఒకే అంకె చూపాలి. నావి చూపలేదు. మూడు వారాలపాటు థర్మామీటర్లను, మీటరును, ప్రోగ్రామును వరసగా అనుమానించాను. చివరికి ఒక్క ప్రయోగానికి సరిపడా హీలియం మిగిలింది. మళ్లీ వచ్చేది మూడు నెలలకు. నా ఫెలోషిప్ గడువు నెల రోజులే.

ఆ ఆఖరి ప్రయోగం రోజు పొద్దున మునిరత్నమన్న కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి నా అమరికలోకి తొంగిచూశాడు.

"ఏం సామీ, తీగల్ని పైనుంచి తిన్నగా కడ్డీకే దించినావే?"

"రాగి తీగలు కదన్నా, కరెంటు బాగా పోతుందని."

"కరెంటు పోయే దోవలోనే వేడీ పోతాది గదప్పా! బయటి ఎండంతా నీ కడ్డీ మీదికే వచ్చి కూసోనుండాది. పీహెచ్‌డీ జేసేది నువ్వా, నేనా?"

ఆయన రాగి తీగలు తీసేసి, వేడిని అంతగా మోయని మాంగనిన్ తీగలు తీసుకున్నాడు. వాటిని ముందు చల్లని దిమ్మె చుట్టూ చుట్టసాగాడు.

"తెచ్చిన వేడంతా ఈడనే దించేసి పోవాల. సామాన్లు కౌంటర్లో పెట్టి దర్శనానికి పోతారు సూడు, అట్లా."

చుట్టు పక్కన చుట్టు, పైన దారంతో కట్టు, దాని మీద వార్నిష్. నేను గడియారం చూస్తున్నాను.

"కొంచెం తొందరగా, అన్నా."

"మా నాయన కట్టు కట్టేటప్పుడు మనిషి అరిసినా సెయ్యి తొందరపడేది కాదు. నీ కడ్డీ అరవను కూడా అరవదు. కూసో."

వార్నిష్ ఆరాక, మధ్యాహ్నం, అమరికను హీలియంలోకి దించాం. హీటరు ఆపే ఉంది. మొదటి థర్మామీటరు 4.213 కెల్విన్, అంటే దాదాపు ఆ మైనస్ 269 డిగ్రీలే. రెండోది 4.213. నేను వేసిన కేకకు పక్కగదిలోంచి మా గైడు పరుగెత్తుకొచ్చారు.

"ఇంకా హీటరే ఎయ్యలేదు సార్, అప్పుడే అరస్తా ఉండాడు," అన్నాడు మునిరత్నమన్న. నవ్వు మాత్రం ఆపుకోలేకపోయాడు.

హీటరు వేశాం. హీటరు వేడిని రెట్టింపు చేసినా, ఇత్తడి వేడిని ఎంత మోస్తుందో చెప్పే విలువ మారలేదు. సాయంత్రానికి గ్రాఫు పూర్తయింది. గడువుకు ఆరు రోజుల ముందే థీసిస్ ఇచ్చాను.

అంకె తేడాగా వస్తే పరికరం కన్నా ముందు నా చేతిపనిని అనుమానించడం ఆయన దగ్గర నేర్చుకున్నాను. ఆ తర్వాత కొలిచిన నమూనాలు నలభై ఒకటి. తీగల తప్పు వల్ల మళ్లీ కొలిచినవి సున్నా.