నాడె దారం, మూతి గుడ్డ

చనిపోయిన మా ఆయన సూరత్ లింబాయత్‌ల సాంచాలు నడిపెటోడు. పవర్‌లూమును మా దిక్కు సాంచా అనే అంటరు, సూరత్‌ల గూడ గదే మాట. అందుకే ఊరు మారినట్టు అనిపియ్యలె నాకు. కొత్తగ అనిపిచ్చింది ఆయనకు పట్టిన దగ్గే. పొద్దుగాల సురువైతె, నేను పోసిన చాయ చల్లారినంక గూడ ఆగకపోతుండె.

గప్పుడే మా గల్లీకి ఒక బెన్ వస్తుండె. దవాఖానోళ్లు పంపిన మనిషి; అక్కడ ఆడోళ్లందరిని, అక్కా అన్నట్టు, బెన్ అనే పిలుస్తరు. సంచిలకెల్లి బొమ్మల చార్టులు తీసి మా అర్ర గోడకు తగిలిచ్చి, గాలి గురించి, దుమ్ము గురించి హిందీల చెప్పేది. మాకు చదువు రాదని అన్నీ బొమ్మలే. ఒకదాంట్ల ఊపిరితిత్తులు గులాబి రంగు, పక్కదాంట్ల బూడిద రంగు. అందరు ఆమె మాట ఇంటుంటె నేను ఆ బూడిద రంగు దిక్కే చూస్కుంట కూసున్న. ఆఖరు చార్టుల ఒకడు ముక్కుకు, మూతికి తెల్లగుడ్డ కట్టుకొని సాంచా కాడ నిలబడ్డడు. అది నాకు ఇచ్చి పో బెన్ అని అడిగితె ఇచ్చింది.

డ్యూటీ దిగి వచ్చినంక ఆయనకు చూపిచ్చిన. జరసేపు చూసి, "వీడు సాంచా నడుపుతలేడే, సాంచా పక్కన ఫోటో దిగుతుండు" అన్నడు. అన్నడు గని, నేను పాత ధోతి చింపి కుట్టిచ్చిన గుడ్డను కాదనలె. నా కోసమని కట్టుకొని పోయిండు.

మర్నాడు బువ్వ ఇయ్యబోయి, కార్ఖానా తలుపుకాడ నిలబడి చూసిన. కండెల దారం అయిపోంగనే, సాంచాల అటిటు ఉరికే నాడెల కొత్త కండె పెట్టాలె, నాడె బొక్కకు పెదవులు ఆనిచ్చి దారాన్ని లోపలికెల్లి పీల్చాలె. దారంతోని నూగు గూడ నోట్లెకే. మా సాలోళ్లు ఎప్పటిసంది గట్లనే పీలుస్తరు. ఆయన గుడ్డ కిందికి గుంజుడు, పీల్చుడు, మళ్ల ఎక్కిచ్చుడు. ఒక సాంచా కాకుంటె ఇంకోటి. నేను చూస్తుండంగనే గుడ్డ మెడకాడ ఆగిపోయింది, మళ్ల పైకి ఎక్కలె.

బెన్ వస్తె ఇది చెప్పిన. నోరు పెట్టి చూపిచ్చిన గూడ. ఆమె మొఖం చిన్నగైంది.

"ఇది నా బొమ్మలల్ల లేదు బెన్" అన్నది.

కార్ఖానా కిటికీలన్న తెరిపియ్యుండ్రి అని చెప్పింది. గాలికి దారం ఎండి తెగుతదని సేట్ ఎప్పుడో కిటికీలకు మేకులు కొట్టిచ్చిండు. నేనే సన్నటి తీగ వంచి, దీంతోని దారం గుంజు అని ఆయనకు ఇచ్చిన. గుంజిండు. ఒక నాడెల తీగ ఆడిచ్చేసరికి మిగిలిన సాంచాలు ఊకె నిలబడ్డయి. సేట్ పని వద్దా అని మొత్తుకున్నడట. తీగ అంగీ జేబులనే ఉండిపోయింది, ఉతికేటప్పుడు నా వేలికి గుచ్చుకునేది.

వానలు పడంగ ఆయన పనికి పోవుడు బందైంది. గోడకు ఒరిగి కూసునేటోడు, పండుకుంటె ఊపిరి ఆడకపోతుండె. ఎదురు గోడకు నేను తగిలిచ్చిన ఆ చార్టే. ఒకనాడు దాని దిక్కు చెయ్యి చూపిచ్చిండు.

"ఇగ నాడె లేదు గద. ఇప్పుడు కట్టు."

నవ్వుతుండా, నిజంగనే అడుగుతుండా నాకు సమజ్ కాలె. ఉతికి పెట్టిన గుడ్డ తెచ్చి, బొమ్మల ఉన్నట్టే ముక్కు మీదికెల్లి కట్టిన. జరసేపు బుద్ధిగ కూసున్నడు. తర్వాత ఛాతి ఎగిరెగిరి పడ్డది, గుడ్డ లోపలికి బయటికి ఆడింది, చెయ్యి ముడి కోసం ఎతికింది. నేనే ఇప్పిన. గుడ్డ ఒళ్లె పెట్టుకొని, ఆయన ఈపు రాసుకుంట కూసున్న.