మూడో కప్పు దాకా: అబ్బాసియా నుంచి సాల్మియాకు ఒక శుక్రవారం

బుధవారం సాయంత్రం మెస్సులో వంకాయలు తరుగుతుంటే ఫోన్లో అల్మాజ్ గొంతు వినిపించింది. "రమణా, ఆదివారం ఫ్లైటు. ఖలాస్, ఇక తిరిగి రాను. శుక్రవారం వస్తావా? కాఫీ పెడతాను." అల్మాజ్ ఇథియోపియా మనిషి. కువైట్‌లో, మిష్రిఫ్ పేటలో ఒకే విల్లాలో ఇద్దరాడవాళ్ళం ఎనిమిదేళ్ళు కలిసి పనిచేశాం. వంట నాది, ఇల్లూ పిల్లలూ ఆమెవి. ఐదేళ్ళ కిందట నేను ఇఖామా, అంటే ఇక్కడ ఉండి పనిచేసే అనుమతి, మార్చుకుని అబ్బాసియాలో మా రాయచోటి వాళ్ళు నడిపే మెస్సుకు వచ్చేశాను. ఆమె మొన్నటిదాకా అక్కడే ఉండి, పని మానుకుని సాల్మియాలో తన ఊరి పిల్ల గదికి చేరింది. మా ఇద్దరిదీ వంటింటి అరబీ. ఆ మాటల్ని ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

కాఫీకి ఇంత దూరం పోవాలా అని మీరు అడగొచ్చు. ఇథియోపియా వాళ్ళ కాఫీ మన కాఫీలా ఒక గుటకలో అయిపోయేది కాదు. పచ్చి గింజలు అక్కడికక్కడే వేయించి, దంచి, జెబెనా అనే మట్టి కూజాలో కాచి, మూడు దఫాలుగా పోస్తారు. మొదటిది అబోల్, రెండోది తోనా, మూడోది బెరెకా, అంటే దీవెన. మూడోది తాగకుండా లేస్తే దీవెన వదిలేసి పోయినట్టే. మిష్రిఫ్‌లో మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, మధ్యాహ్నం పడుకున్నాక వంటింటి వెనక మెట్ల మీద ఈ కాఫీ పెట్టుకునేవాళ్ళం. రెండో కప్పు అయ్యేసరికి మామా లేచి పిలిచేది. ఆమె చెడ్డదేం కాదు, నిద్రే తక్కువ. ఎనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా మూడో కప్పు తాగలేదు. ఈసారి ఏమైనా సరే తాగి రావాలని గట్టిగా అనుకున్నాను.

నాతో పాటు మెస్సులో వంట చేసే సుబ్బమ్మత్తను బతిమాలితే ఒక్క పూట సెలవు దొరికింది. "యల్లా, పోయిరా మే. అయిదుకంతా రాకుంటే చపాతీలు ఎవురు జేసేది? నాకు నడుము వంగదు, ముందే జెప్తాండా" అంది. సంచిలో రెండు కిలోల రాగిపిండి పెట్టుకున్నాను. మిష్రిఫ్‌లో వాళ్ళ టెఫ్ పిండి దొరకనప్పుడు అల్మాజ్ నా రాగిపిండి పులియబెట్టి వాళ్ళ ఇంజెరా అట్లు పోసేది. సంగటి చేసుకుందామని డబ్బా తెరిస్తే అడుగు కనిపించేది, ఇద్దరం పోట్లాడుకునేవాళ్ళం. రాగిపిండి కింద ఒక ఫొటో ఫ్రేము. పదకొండేళ్ళ కిందట నా మొదటి కెమెరా ఫోన్లో తీసినదాన్ని అబ్బాసియా స్టూడియోలో పెద్దది చేయించాను. వంటింట్లో మేమిద్దరం, ఆమె తెల్లటి శాలువా కప్పుకుని, నేను నా చున్నీని అచ్చం ఆమెలాగే చుట్టుకుని. ఆ తర్వాతి ఏడు ఆమె సెలవుకు పోయి నాకూ అలాంటి శాలువా తెచ్చింది. నెతెలా అంటారు దాన్ని. దోమతెరంత పలచటి నూలు, చివర్లో చేత్తో నేసిన ఆకుపచ్చ, ఎరుపు అంచు. ఆ రోజు దాన్నే కప్పుకుని బయల్దేరాను. ఫొటోలో ఉన్నట్టే, అంచు పైకి, మెడ చుట్టూ, గడ్డానికి తగిలేలా. అంత అందమైన అంచు ఉండేది చూపించడానికే కదా.

తొమ్మిదికి అబ్బాసియాలో బస్సెక్కితే మాలియా చేరేసరికి పావు తక్కువ పది. టికెట్టు పావు దినారుకు కాస్త అటూ ఇటూ. చిల్లర దగ్గర పెట్టుకోండి, పెద్ద నోటు తీస్తే డ్రైవరు మొహం మాడ్చుకుంటాడు. మాలియా నుంచి ముబారకియా బజారుకు పది నిమిషాల నడక. శుక్రవారం పొద్దున సగం కొట్లు మూసే ఉంటాయి కానీ గింజలూ మసాలాలూ అమ్మే వరసలో రెండు మూడు తెరిచారు. అరకిలో పచ్చి కాఫీ గింజలు తీసుకున్నాను. కాఫీ పుట్టిన దేశపు మనిషికి నేను కాఫీ గింజలు పట్టుకుపోవడం నాకే నవ్వొచ్చింది. కానీ మిష్రిఫ్ రోజుల్లో గింజలు కొనడం ఎప్పుడూ నా వంతే. డ్రైవరుతో కలిసి సరుకులకు బయటికి పోయేది నేనే కాబట్టి.

అక్కణ్ణుంచి సాల్మియాకు బస్సుంది కానీ శుక్రవారం ఎంతసేపటికి వస్తుందో చెప్పలేం. ఒక టాక్సీ ఆగింది. డ్రైవరుది జగిత్యాల అట. నా బొట్టు చూసి తెలుగులోనే మొదలుపెట్టాడు.

"ఎటు పోవాలె అక్కా? సాల్మియానా? రెండు దినార్లియ్యి, ఇర్వై నిమిషాలల్ల దించుత."

ఒకటిన్నరకు ఒప్పించాను. కాసేపయ్యాక అద్దంలోంచి చూసి, "గా కప్పుకున్నదేంది అక్కా? మన బట్టలెక్క లేదు" అన్నాడు.

"ఇథియోపియా వాళ్ళది. నా స్నేహితురాలు ఇచ్చింది."

"మా పాత సేటు, గా కఫీల్ ఇంట్ల గూడ ఇథియోపియా ఆమె ఉండె. కాఫీ గింజలు వేంచుతుంటే గేటు కాడిదాంక వాసనొచ్చేది. నాకు గూడ గింత పంపేది. మూడేండ్లు తాగిన గని ఆమె పేరు అడగలే, చూడు" అన్నాడు. నేను మనసులో కాస్త గర్వపడ్డాను. నాకు అల్మాజ్ పేరే కాదు, అన్నీ తెలుసు అనుకున్నాను.

ఆ బిల్డింగులో లిఫ్టు పాడైంది. నాలుగో అంతస్తు. మెట్ల మీద ఘానా ఆడవాళ్ళు ముగ్గురు ప్రార్థనకు పోతూ ఎదురొచ్చారు. పెద్ద పెద్ద పసుపు, నీలం పూలున్న పొడుగాటి గౌన్లు, అదే గుడ్డతో తలపాగాల్లా ఎత్తుగా కట్టిన కట్లు. వారమంతా ఎవరింట్లోనో బూడిదరంగు యూనిఫాం వేసుకుని ఉండే మనుషులే వీళ్ళు. నేను గోడకంటుకుని దారిచ్చి, గౌను ఎక్కడ కుట్టించావని ఒకామెను హిందీ, అరబీ కలిపి అడిగాను. "అబ్బాసియా! ఇండియన్ టైలర్!" అంది గర్వంగా ఒక చుట్టు తిరిగి. మా వీధిలో రవికలు కుట్టే ప్రొద్దుటూరాయన పనితనమేమోనని ఆ చేతి కుట్టు చూసి అనుమానమొచ్చింది.

తలుపు తీసింది హిరుత్, అల్మాజ్ ఊరి పిల్ల. చర్చి నుంచి అప్పుడే వచ్చినట్టుంది. తెల్లటి నూలు గౌను, గుండెల మీదుగా పాదాల దాకా నేసిన పట్టీ, నెత్తి మీద సన్నటి జడలు. నన్ను చూసి నవ్వబోయి ఆగిపోయింది. రెండు చేతులూ పట్టుకుని, గొంతు తగ్గించి, "మీ ఇంట్లో ఎవరు?" అంది. నాకేం అర్థం కాలేదు. లోపల్నుంచి అల్మాజ్ వచ్చి నన్ను చూసి, క్షణం ఆగి, పకపకా నవ్వింది. "ఎవరూ పోలేదు, దీనికి తెలీదు" అని హిరుత్‌తో చెప్పి, నా శాలువా తీసి తిప్పి, అంచు కిందికి వచ్చేలా వేసింది. అంచు పైకి, మెడ దగ్గర కప్పుకుంటే ఇంట్లో చావు జరిగిందని గుర్తట. పండగకీ పెళ్ళికీ అంచు కిందికే ఉంటుందట.

నాకు సిగ్గేసింది కానీ నవ్వొచ్చింది కూడా. మాలియా, ముబారకియా, అన్ని చోట్లా ఏడుపుగొట్టు వేషంలో తిరిగొచ్చానన్నమాట. భోజనాలకు కూర్చున్నాం. శుక్రవారం వాళ్ళకు నీచు, పాలు ఉండవు. దుప్పటంత ఇంజెరా మీద ఎర్ర కందిపప్పు, శనగపిండితో చేసే షిరో, ఆకుకూర. ముగ్గురం ఒకే పళ్ళెంలో. మొదటి ముద్ద అల్మాజ్ నా నోట్లో పెట్టింది, అది వాళ్ళ మర్యాద. ఆ పులుపు నోటికి తగలగానే మిష్రిఫ్ వంటిల్లు మొత్తం గుర్తొచ్చింది. రాగిపిండి చూసి అల్మాజ్ పడి పడి నవ్వి, "మా ఊళ్ళో పండేదే ఇది, నేను పోయేదే అక్కడికి" అని దాన్ని హిరుత్‌కిచ్చేసింది.

తర్వాత నేల మీద ఆకుపచ్చ ప్లాస్టిక్ చాప పరిచారు. ఊళ్ళో అయితే పచ్చగడ్డి పరుస్తారట. సాంబ్రాణి వేసి, నేను తెచ్చిన గింజలు వేయించి, ఆ పొగను మా ముందు తిప్పింది అల్మాజ్. పాప్‌కార్న్ గిన్నె మధ్యలో. అబోల్ తాగుతూ ఆమె సరదాగా అడిగింది.

"ఇంతకీ అంచు పైకి కప్పుకోమని నీకెవరు నేర్పారు?"

"ఇంకెవరు? నువ్వే" అంటూ ఫొటో తీసి ఒళ్ళో పెట్టాను.

అల్మాజ్ నవ్వు ఆగిపోయింది. ఫొటోలో అంచు ఆమె గడ్డం కింద ఉంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. పదకొండేళ్ళూ నేను అది ఉల్లిపాయల వల్లే అనుకున్నాను.

"ఆ నెల మా అమ్మ పోయింది" అంది.

ఆ రోజు నేనన్న మాట గుర్తొచ్చింది. "ఎంత బాగుందో, అంచు మొహానికి కళ తెచ్చింది" అని, పక్కన చేరి ఫొటో తీసుకున్నాను. ఆ నెలంతా మధ్యాహ్నాలు అలాగే కప్పుకుంటే రోజూ అదే మాట అన్నాను.

"మామాకి చెప్పలేదా?"

"చెబితే పంపదు. పంపకపోతే నాకు కోపమొస్తుంది. ఆ కోపం పెట్టుకుని ఆ ఇంట్లో ఎట్లా ఉండను?"

"మరి నాకు?"

అల్మాజ్ ఫ్రేము మీది అద్దాన్ని అరచేత్తో తుడిచింది. "ఆ నెలలో నాతో మంచి మాట అన్నదానివి నువ్వొక్కదానివే. చెబితే అది కూడా ఆగిపోతుందనిపించింది."

మా వైపు చావు జరిగిన ఇంటికి పలకరింపుకు పోతాం. ఆలస్యమైనా పోకుండా ఉండం. నేను శాలువా తీసి మళ్ళీ అంచు పైకి వేసుకున్నాను, ఈసారి తెలిసి. ఆమె పక్కకు జరిగి కూర్చుని, "అమ్మ పేరేంటి?" అని అడిగాను. "అస్తేర్" అంది. ఎనిమిదేళ్ళు ఒకే గదిలో పడుకున్నాం, ఆ పేరు నాకు తెలీదు. టాక్సీలో పడ్డ గర్వం గుర్తొచ్చి తల దించుకున్నాను. తోనా చల్లారిపోయేదాకా అస్తేర్ గురించి చెప్పింది. చేతులు కాలుతున్నా ఇంజెరాను చేత్తోనే తీసేదట. కూతురు కువైట్ నుంచి పంపిన గౌను ఒక్కసారీ తొడుక్కోకుండా పెట్టెలో దాచిందట. ఇద్దరం ఏడ్చాం. హిరుత్ చప్పుడు చేయకుండా కూజాలో నీళ్ళు పోసింది.

అంతలో నా ఫోన్ మోగింది. సుబ్బమ్మత్త. "యాడున్నావు మే? నాలుగాయ!" అల్మాజ్ కప్పులు సర్దబోయింది, ఆమెకు అలవాటే కదా. నేను ఆమె చెయ్యి పట్టుకుని ఆపి, ఫోన్లో చెప్పాను: "అత్తా, ఇయ్యాల చపాతీలు లేవు, అన్నమే పెట్టు. నేను కాఫీ తాగొస్తా." అటువైపు నుంచి వచ్చిన తిట్లు ఇక్కడ రాయను.

బెరెకా పోసే ముందు అల్మాజ్ వచ్చి నా శాలువా అంచును తనే కిందికి తిప్పింది. "చాలు, అమ్మను పలకరించావు. దీవెన తాగేటప్పుడు అంచు కిందికుండాలి" అంది. మూడోసారి కాచిన కాఫీ పలచగా ఉంటుంది, రుచి చూస్తే వేడి నీళ్ళకు కాస్త ఎక్కువ. ఎనిమిదేళ్ళు నేను ఎదురుచూసింది దీనికా అనిపించింది. నిదానంగా, అడుగు దాకా తాగాను. ఫొటోను ఆమె తన సూట్‌కేసులో బట్టల మధ్య పెట్టుకుంది. ఆ నెల తన మొహం ఎలా ఉందో చెప్పేది తన దగ్గర అదొక్కటే అంది.

తిరుగు దారిలో టాక్సీ కిటికీ పక్కన కూర్చుని ఆ వెనక మెట్ల గురించే ఆలోచించాను. పక్కపక్కన కూర్చుని ఒకే కాఫీ తాగితే మనిషి మొత్తం తెలిసినట్టే అనుకుంటాం. నేను ఆమె వంట నేర్చుకున్నాను, కట్టు నేర్చుకున్నాను, దుఃఖాన్ని మాత్రం ఫ్యాషన్ అనుకున్నాను. మా వైపు చావింటి నుంచి లేచేటప్పుడు "పోయొస్తా" అనకూడదు, మాట్లాడకుండా లేచిపోవాలి. అంచు కిందికి దిగింది కాబట్టి, ఆ గుమ్మంలో నిలబడి నేను ఆ మాట అనగలిగాను. అల్మాజ్ ఇక ఈ దేశానికి రాదు, నేను ఇథియోపియాకు పోయేదీ లేదు. అయినా అన్నాను, "పోయొస్తా" అని. మిష్రిఫ్‌లో నా దగ్గర నేర్చుకున్న తెలుగులో ఆమె "పోయిరా" అంది.

మీరూ ఎవరైనా ఇథియోపియా స్నేహితుల ఇంటికి కాఫీకి పోయేట్టయితే మూడు గంటలు చేతిలో ఉంచుకుని వెళ్ళండి, మూడో కప్పుకు ముందు లేవకండి. శాలువా అంచు మెడ దగ్గర ఉన్న మనిషి కనిపిస్తే, బాగుందని చెప్పే ముందు ఎవరు పోయారని అడగండి.