ఆరు నెలలకే తిరిగొచ్చిన పిల్ల

పన్నెండేళ్లుగా ఒక పిల్లను మోస్తున్నాను. నా కడుపున పుట్టిన పిల్ల కాదు, నా నోట పుట్టిన పిల్ల. పేరు లేదు, ముఖం లేదు. ఆ పిల్ల గురించి ఉన్నదల్లా ఒక్క సంగతి: పెద్ద కాలేజీకి వెళ్లి ఆరు నెలలకే తిరిగొచ్చేసింది. ఇంత బరువుంటుందని ఆ సాయంత్రం తెలిసుంటే ఆ మాట అనేదాన్ని కాదేమో. ఏమో. తెలిసినా అనేదాన్నే అనుకుంటాను. మీ దగ్గర మొదట్లోనే అబద్ధం ఎందుకు?

నా పేరు చెప్పను. బేరం చేసే మనిషిని అని మాత్రం చెబుతాను. ఇది రాస్తూ రాస్తూ ఎక్కడో ఒకచోట మీతో కూడా బేరానికి దిగుతాను. కనిపెట్టి ఉండండి.

మా నాన్నది దిల్‌సుఖ్‌నగర్‌లో మ్యాచింగ్ సెంటర్. తెనాలి దగ్గర నుంచి వచ్చి మెయిన్ రోడ్డు వెనక సందులో పెట్టుకున్నారు. చీర పట్టుకొస్తే దానికి సరిపోయే జాకెట్టు ముక్క, లైనింగు, లంగా, ఫాల్ ఇచ్చే కొట్టు. అక్షరాలకంటే ముందు నేను రంగులు నేర్చుకున్నాను. బళ్లో టీచరు వంకాయ రంగు అంటే ఏ వంకాయ అని అడిగి దెబ్బలు తిన్నాను.

మా కొట్టుకి ఎప్పటికీ మారని కస్టమర్ ఒకావిడ ఉండేది. సరూర్‌నగర్ మేడమ్. ఆవిడను ఎవరూ చూడలేదు. నాన్న కూడా చూడలేదు. ఒక బట్ట తాను ఎంతకీ అమ్ముడుపోకపోతే, "నిన్ననే సరూర్‌నగర్ మేడమ్ ఇదే రంగు మూడు ముక్కలు తీసుకెళ్లారండీ" అనేవారు. ఇంకెవరికో మాటిచ్చి పక్కన పెట్టిన ముక్క మీద వేరేవాళ్ల కన్ను పడినా ఆవిడే దిక్కు. "తీసుకోండి, నాకేం. సరూర్‌నగర్ మేడమ్ ఒక్క ఉతుక్కే తిరిగి పట్టుకొచ్చారు గానీ..." అని ఆగిపోయేవారు. వద్దని మాత్రం ఎప్పుడూ అనరు. వద్దంటే జనానికి కావాలనిపిస్తుంది. ఒక మాట చెప్పి, ఆగి, తాను చుట్టుకుంటూ ఉండాలి. మిగతా భయం వాళ్లే పడతారు. ఇంట్లో అమ్మ పండక్కల్లా ఎగతాళి చేసేది, మీ సరూర్‌నగర్ మేడమ్‌కి ఒక చీరైనా పెట్టరా అని. నవ్వుకునేవాళ్లం. అబద్ధం అనే మాట మాకెవరికీ తట్టలేదు. అది మా పనిలో ఒక పద్ధతి, అంతే.

ఇంటర్ రెండో ఏడులో నాకు ఒక కాలేజీ పిచ్చి పట్టింది. వేరే రాష్ట్రంలో డిజైన్ కాలేజీ. అక్కడ బట్టల డిజైన్ నేర్పుతారు, మనమే నూలుకు రంగు వేసి మనమే నేయాలి. వాళ్ల పుస్తకంలో ఒక మగ్గం ఫొటో ఉంటే దాన్ని చింపి గల్లా బల్ల మీద అద్దం కింద పెట్టుకున్నాను. వచ్చిన ఆడవాళ్లు ఏ దేవుడో అని వంగి చూసేవారు.

ఆ పరీక్షకు డ్రాయింగ్ కోచింగ్ ఇచ్చే చోటు మా సందు చివరే ఉంది. ఇద్దరు కలిసి చేరితే ఫీజు తగ్గిస్తామన్నారు. అందుకని రెండోదాన్ని వెతికాను. దొరికింది సునీత. నల్లగొండ పక్క పల్లెటూరి వాళ్లు, మీర్‌పేట్‌లో ఉంటారు. వాళ్ల నాన్న ఆటో నడుపుతాడు. కాలేజీలో నా బెంచీలో కూర్చునేది, రికార్డు పుస్తకంలో కప్ప బొమ్మ వేస్తే అది గెంతుతుందేమో అనిపించేది. దానికి ఆ కాలేజీ ఉందనే తెలియదు. నేనే చెప్పాను, నేనే ఒప్పించాను, వాళ్ల నాన్నతో కూడా నేనే మాట్లాడాను. ఇది గుర్తుపెట్టుకోండి. నా బేరం కోసమే దాన్ని ఆ దారిలోకి తెచ్చాను.

ఫలితాలు వచ్చాయి. సునీతకు సీటు. నాకు వెయిటింగ్ లిస్టులో రెండో నంబరు.

రాలేదు అంటే ఏడ్చి ఊరుకునేదాన్ని. ఇది వచ్చినట్టూ కాదు, రానట్టూ కాదు. షట్టరు సగం దించి, లోపల్నుంచి ఎవరో "ఆగండి, చూస్తాం" అన్నట్టు. వంగి చూస్తే లోపల లైటు కనిపిస్తూనే ఉంటుంది. రోజూ ఆ కాలేజీ ఆఫీసుకు ఫోన్ చేశాను. ఇద్దరమే కదా సార్, ఇంకో రెండు కుర్చీలు వేయలేరా అని కూడా అడిగాను. అవతల ఆయన నవ్వాడు గానీ కుర్చీ వేయలేదు.

సీటు వచ్చినవాళ్లు చేరతామని పది రోజుల్లోపు రాసి పంపాలి. పంపకపోతే ఆ సీటు లిస్టులో తర్వాతివాళ్లకు. ప్రతి ఏడూ ఒకరో ఇద్దరో మానేస్తారని కోచింగ్ సార్ చెప్పారు. నేను లెక్క వేసుకున్నాను. ఒకరు ఎలాగూ మానేస్తారు. నాకు కావలసింది ఇంకొక్కరు. ఆ ఇంకొక్కరు నా పక్కనే కూర్చుని నా టిఫిన్ డబ్బాలో పులిహోర తింటోంది.

అలా అనుకున్న క్షణం నాకు గుర్తుంది. తప్పు అనిపించిందా? అనిపించలేదు. సీటు ఎంత దగ్గర అనిపించింది.

తొమ్మిదో రోజు సాయంత్రం దాన్ని బస్సెక్కించడానికి దిల్‌సుఖ్‌నగర్ స్టాపుకి వెళ్లాను. అప్పుడు మెట్రో స్తంభాలు లేస్తున్నాయి, రోడ్డంతా దుమ్ము. రాసి పంపావా అని అడిగాను. రేపు పంపుతా అంది. తర్వాత తనే అంది.

"జర భయమైతుందే. గంత దూరం ఎప్పుడు పోలేదు. నువ్వేమంటవ్?"

"నాకేం తెలుసు? వెళ్లు. బాగానే ఉంటుంది. మా పిన్ని తోడికోడలి కూతురు కూడా అక్కడికే వెళ్లింది గానీ..."

ఆగాను. చున్నీ సర్దుకున్నాను. నాన్న తాను చుట్టినట్టు.

"గానీ ఏందే?"

"ఏం లేదులే."

"ఏంది, చెప్పు."

"ఆరు నెలలకే తిరిగొచ్చేసింది. అక్కడ క్లాసులో అందరి ముందు నిలబడి, మన బొమ్మ గురించి మనమే ఇంగ్లీషులో చెప్పాలట. నోరు పెగల్లేదట. ఇప్పుడు ఇంట్లోంచి బయటికే రావట్లేదు."

సునీత బస్సులు వచ్చే వైపు చూసింది.

"ఆమెది గూడ నా లెక్క తెలుగు మీడియమేనా?"

ఇక్కడ ఆగుతాను. అప్పటిదాకా నేను అన్న మాటలకు ఏదో ఒక సాకు చెప్పుకోగలను. పద్ధతి, అలవాటు, వయసు. కానీ ఈ ప్రశ్న అది అడిగింది. తన కొలత తనే తీసుకుని నా చేతికిచ్చింది. కాదు, ఇంగ్లీషు మీడియమే అంటే సరిపోయేది. అది నవ్వేసి బస్సెక్కి, మర్నాడు కాగితం పంపేది.

"అవును" అన్నాను.

బస్సొచ్చింది. ఎక్కుతూ, "మంచిగ చెప్పినవ్, లేకుంటే మా నాయన పరేషానయ్యేటోడు" అంది. థాంక్స్ కూడా చెప్పింది. ఆ థాంక్స్ ఇప్పటికీ నా దగ్గరే ఉంది, ఎక్కడ పెట్టాలో తెలియక.

అది కాగితం పంపలేదు. లిస్టు కదిలింది. ఒకటో నంబరుకి సీటు ఇచ్చారు. ఎవరో, ఏ ఊరో. ఆ మనిషికి నేను చేసినంత సాయం కన్నవాళ్లు కూడా చేసి ఉండరు. ఆ ఏడు ఇంకెవరూ మానలేదు. నేను లిస్టు తలుపు దగ్గరే ఉండిపోయాను, ఈసారి అందరికంటే ముందు. బేరం నాది, సరుకు ఇంకొకరిది. తెలివైనదాన్ని అని అప్పటిదాకా అనుకునేదాన్ని.

తర్వాత ఏం చేశానంటారా? ఎనిమిది రోజులు అన్నం సరిగ్గా తినలేదు. తొమ్మిదో రోజు కొట్టుకి వెళ్లి కూర్చున్నాను. ఇక్కడే డిగ్రీలో చేరాను. పొద్దున క్లాసు, మధ్యాహ్నం కొట్టు. బట్టకు రంగు అద్దే ఒక ముసలాయన దగ్గర పని నేర్చుకున్నాను. సరిపోయే రంగు దొరక్కపోతే ఆ రంగే వేసి ఇస్తానని ఎల్బీనగర్‌లో సొంతంగా కొట్టు పెట్టాను. బాగానే నడుస్తోంది. ఆ పని అంటే నాకు నిజంగా ఇష్టం. ఆ కాలేజీ రాకపోవడం వల్ల నేను పోగొట్టుకున్నది ఏదైనా ఉంటే, అది ఇప్పుడు వెతికినా కనబడదు. ఇది మాత్రం బేరం కాదు.

కానీ చుట్టాలకు, కాలనీవాళ్లకు నేనొక ఉదాహరణనైపోయాను. వెయిటింగ్ లిస్టులో ఆగిపోయినా ఎంత ధైర్యంగా నిలబడిందో చూడండి అంటారు. ప్రతి ఏడూ జూన్ వస్తే ఎవరో ఒకరు సీటు రాని పిల్లను నా కొట్టుకి తీసుకొస్తారు. నేను టీ తెప్పించి, ఓపిక గురించి నాలుగు మంచి మాటలు చెబుతాను. పిల్లలు కళ్లు తుడుచుకుని వెళతారు. ఆ మాటలు మంచివే. చెప్పే నోరే అలాంటిది.

సునీత డిగ్రీ చేసి, మీర్‌పేట్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో డ్రాయింగ్ టీచరైంది. మా స్నేహం ఆగలేదు. ఆగి ఉంటే నాకు తేలికయ్యేది. ఎప్పుడు కలిసినా ఒక మాట అడిగేది: గా పిల్ల ఎట్లుంది? తను చూడని, ఎవరూ చూడని పిల్ల కోసం నిజంగా బాధపడేది. ఏం చెప్పను? మెల్లగా బయటికొస్తోందట అన్నాను ఒక ఏడు. ట్యూషన్లు చెబుతోందట అన్నాను ఇంకో ఏడు. పెళ్లి కూడా చేశాను. చేసిన తప్పు దిద్దలేక, లేని పిల్లను బాగుచేస్తూ వచ్చాను. ఆ పెళ్లి సంగతి చెప్పినప్పుడు సునీత ముఖం వెలిగిపోయింది.

ఈ జూన్‌లో, మధ్యాహ్నం కొట్టు ఖాళీగా ఉన్నప్పుడు దాని ఫోన్ వచ్చింది. నవ్వుతోంది. టీచర్ల కోసం రెండేళ్ల కోర్సు ఒకటుందట, అదే కాలేజీలో. ఎవరికీ చెప్పకుండా పరీక్ష రాసిందట. వెయిటింగ్ లిస్టులో నాలుగో నంబరు. నువ్వెట్ల తట్టుకున్నవే, జర చెప్పు, నువ్వే గదా ఇందుల మా అందరికి గురువు అంది. నేనూ నవ్వాను. తర్వాత అడిగింది, ఆ పిల్ల నంబరు కావాలని. అక్కడ ఆమె దేనికి భయపడిందో తెలిస్తే తను ముందే తయారవుతుందట. ఈసారి లేచి నిలబడి మాట్లాడేదాకా తిరిగి రానంది.

నాకు దార్లు లేకపోలేదు. ఆ పిల్లను దుబాయ్ పంపించేయొచ్చు. నంబరు మారిందనొచ్చు. నోటి దాకా వచ్చింది కూడా. కానీ సునీత పన్నెండేళ్ల తర్వాత కూడా నేను అంటగట్టిన భయానికే తయారవుతోంది. సీటు వచ్చినా ఆ పిల్లను తోడు తీసుకుని వెళుతుంది. నేను ఇంకెన్నాళ్లు ఆగి, తాను చుట్టుకుంటూ కూర్చోవాలి?

"ఆ పిల్ల లేదు సునీతా" అన్నాను. "అసలు లేదు. నేనే పుట్టించాను. నాకు సీటు కావాలని."

అవతల స్కూల్లో పిల్లలు ఎక్కం వల్లిస్తున్నారు. ఆ ఎక్కం అయిపోయింది.

"పెళ్లయిందంటివి గదనే" అంది సునీత.

"అదీ లేదు."

"నాకు క్లాసుంది" అని పెట్టేసింది.

తొమ్మిది రోజులైంది. ఫోన్ రాలేదు. నేను చేయలేదు. చేస్తే క్షమాపణకు బేరం మొదలుపెడతానని నాకు తెలుసు. ఇదిగో, మీ దగ్గర మొదలుపెట్టబోయాను: నాకూ సీటు రాలేదు కదా, అదీ బాగానే స్థిరపడింది కదా, లెక్క సరిపోలేదా అని రాసి కొట్టేశాను. సరిపోలేదు. నాది నాకు అందనిది. దానిది దాని చేతికొచ్చింది, నేను తప్పించాను. అది నన్ను ఏం చేయాలనుకుంటే అది చేయనీ. ఏమీ చేయకపోయినా అడిగే హక్కు నాకు లేదు.

కానీ రోజూ పొద్దున్నే షట్టరు ఎత్తగానే ఫోన్‌లో ఆ కాలేజీ వెబ్ పేజీ తెరిచి లిస్టు చూస్తున్నాను. అప్పుడు రోజూ ఫోన్ చేసినట్టే. నా నంబరు కోసం కాదు. నిన్నటికి ఒకరిని పిలిచారు. సునీత నంబరు నాలుగు నుంచి మూడైంది. ముందున్న ఇద్దరూ ఎవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది, నా నోరు నాకు తెలుసు.

ఈ ఉదయం బోణీకి ఒకామె చిలకపచ్చ ముక్క పట్టుకుని అడిగింది, ఈ రంగు దిగుతుందా, ఇంతకుముందు ఎవరైనా తీసుకున్నారా అని. నాలుక చివర సరూర్‌నగర్ మేడమ్ వచ్చి నిలబడింది.

"ఎవరూ తీసుకోలేదండీ. మీరే మొదలు. మొదటి రెండు ఉతుకులు రంగు దిగుతుంది, విడిగా ఉతుక్కోండి" అన్నాను.

ఆమె నన్ను అనుమానంగా చూసింది. ముక్క తీసుకుని బయటికెళ్లి ఎండలో పట్టుకుని చూసుకుంటోంది. ఇటు తిప్పి, అటు తిప్పి. కొంటుందో లేదో తెలియదు. నేను ఏమీ అనకుండా కూర్చున్నాను. చేతిలో చుట్టుకోవడానికి తాను లేదు.