బంద్ రోజు జీడిమెట్ల దాకా

తెలంగాణ బంద్. బస్సులుండవని తెలిసీ హైటెక్ సిటీ నుంచి జీడిమెట్లకు బయలుదేరాను. కారణం ఒక ఫొటో. పొద్దుటి నుంచీ మా ఆఫీసువాళ్ల ఆన్‌లైన్ గ్రూపులో తిరుగుతోంది. తలకు దెబ్బ తగిలి రోడ్డు మీద పడిపోయిన అమ్మాయి. ముఖం సగమే కనిపిస్తోంది. నాకు స్వరూపలా అనిపించింది.

స్వరూపది కరీంనగర్, నాది అనంతపురం. కొండాపూర్‌లో నాలుగేళ్లు ఒకే గదిలో ఉన్నాం. ఉద్యోగం మానేసి ఉద్యమంలోకి వెళ్లాక తను జీడిమెట్లలో వాళ్ల అన్న ఇంటికి మారిపోయింది. మేం గొడవ పడలేదు. రాష్ట్రం మాట వస్తే ఇద్దరం ఊరుకునేవాళ్లం. తర్వాత ఫోన్లూ తగ్గిపోయాయి.

ఫొటో పాతదని ఒకరు రాశారు. ఈ రోజుదే, బాలానగర్‌లోదని ఇంకొకరు. చనిపోయిందట అని మరొకరు. స్వరూప ఫోను కలవలేదు.

పదిన్నరకు నడక మొదలుపెడితే కొత్తగూడలో షేర్ ఆటో దొరికింది. కూకట్‌పల్లి మెయిన్ రోడ్డు మూసేశారని గ్రూపులో చూసి డ్రైవరుకు చెప్పాను. గల్లీల్లోంచి తిప్పాడు. దవాఖానకు వెళ్తున్న పెద్దావిడ నా ముఖం చూసి సంగతి అడిగింది. చెబితే, "ఫికర్ చేయకు బిడ్డా, నీ దోస్తుకు ఏంగాదు" అంది.

బాలానగర్‌లో ఊరేగింపు అడ్డొచ్చింది. దిగి, ఆ జనంలోంచే నడిచాను.

తలుపు తీసింది స్వరూపే.

"ఏందే, గిట్లొచ్చినవ్? బంద్ గదా!"

"బాగుండావా?" అని మాత్రం అనగలిగాను. ఏడుపొచ్చేసింది.

ఫొటో చూపించాను. వాళ్ల గల్లీలో పొద్దుటి నుంచీ సిగ్నల్ లేదట. కింద రాసినవన్నీ చదివింది.

"ఈమె ఉద్యమంల మాతోని తిరిగే లతక్క. పొద్దుగాల తోపులాటల పడ్డది. కుట్లేసిన్రు, మంచిగనే మాట్లాడుతున్నది. బతికున్న మనిషిని సంపిన్రు గదనే! సిగ్నల్ దొరకంగనే నువ్వే రాయి."

అన్నం, పచ్చిపులుసు వడ్డించింది. తలెత్తకుండా అడిగింది: "రాష్ట్రమొస్తే నువ్వు పోతవా?"

"పొమ్మంటావా?"

"పిచ్చిదానా, ఇంకింత పెట్టుకో."

నాలుగింటికి తిరుగు ఆటో ఎక్కాను. బాలానగర్ దాటాక సిగ్నల్ వచ్చింది. లతక్క క్షేమమని రాశాను. చాలామంది సంతోషించారు. ఒకరు మాత్రం, "ఇంతకీ నువ్వు ఎవరి వైపు?" అని అడిగారు.

ఏ దారి తెరిచి ఉందో ఆ రోజు ఫోను బాగానే చెప్పింది. మనిషి ఎలా ఉందో వెళ్లి చూస్తేనే తెలిసింది. గ్రూపు మూసి ఫోను బ్యాగులో పెట్టేశాను. కొండాపూర్‌లో మా గది దగ్గరపడుతుంటే, ఆటోను వెనక్కి తిప్పమని డ్రైవరుతో చెప్పాలనిపించింది.