గుండ్లలో లక్క

ఇన్నేళ్లూ ఈ మాటను గొంతులోనే పెట్టుకుని తిరిగాను. ఇక మోయలేను. అలాగని క్షమించమని అడగడానికి రాయడం లేదు. చదివాక మీరేమనుకున్నా నాకు పర్వాలేదు. బంగారాన్ని బంగారం కాదని చెప్పాను. కావాలనే చెప్పాను.

గోదావరిఖనిలో బొగ్గుబావులు ఒక్కొక్కటే తెరుచుకుంటున్న రోజులవి. మాది ఔసలి పని. నాన్న పోయాక నగల దుకాణంలో నేను కూర్చున్నాను. ఆయన గీటురాయి మీద గీసి ఒక మాట చెప్పాడంటే చుట్టుపక్కల ఊళ్లలో ఎవరూ ఇంకోచోటికి వెళ్లి అడిగేవారు కాదు. ఆ నమ్మకమే నాకూ దక్కింది. దాన్నే వాడుకున్నాను.

మల్లయ్య బావిలో పనిచేసేవాడు. డ్యూటీ దిగితే కల్లు, పత్తాలాట. అంతకుముందే భార్య రాజవ్వ వెండి కడియాలు అమ్మి తాగేశాడు. కొన్నది నేనే, అదీ దాచను. ఈసారి ఆమె మెడలో వేసుకునే గుండ్ల పేరు పట్టుకొచ్చాడు. ఆమె తల్లి కూలికి పోయి, నోరు కట్టుకుని చేయించి పెట్టిన బంగారు గుండ్లవి. రాజవ్వ వెనకే ఉరుకుతూ వచ్చి గడప దగ్గర నిలబడింది. మెడలో పుస్తెల తాడు తప్ప ఏమీ లేదు. ఏడవడం కూడా మానేసింది.

గీశాను. మేలిమి బంగారం. ఆమె ముఖం చూశాను. గుండ్ల పేరు తెంపి, ఒక గుండును కోసి, లోపలి లక్క చూపించాను. గుండ్లు ఎవరివైనా పైన పలచని బంగారు రేకు, లోపల లక్కే ఉంటుంది. చేసే మాకు తెలుసు. వాళ్లిద్దరికీ తెలియదు.

"బంగారం కాదు మల్లన్నా. ఇత్తడి రేకుల లక్క నింపిండ్రు," అన్నాను.

మల్లయ్య అత్తను బూతులు తిట్టి, గుండ్లను నేలకేసి కొట్టి పోయాడు. రాజవ్వ ఒక్కొక్కటే ఏరుకుంది.

"మా అవ్వ నన్ను గిట్ల మోసం జేసిందా, చారీ?"

నేను గీటురాయి తుడిచి పెట్టెలో పెట్టాను.

ఆ అబద్ధానికి నేను సిగ్గుపడను. ఇవాళ మల్లయ్య మళ్లీ వచ్చి నిలబడినా అదే అంటాను. కానీ ఆమె ఒక్కతే ఉన్నప్పుడు నోరెందుకు విప్పలేదు? చెబితే మొగుడి చెవిన పడుతుందనా? చాలాకాలం అదే కారణమని నన్ను నేను నమ్మించుకున్నాను. కాదు. గీటురాయి పట్టుకుని అబద్ధమాడే ఔసలినని పేరొస్తే దుకాణం మూతపడుతుందని భయపడ్డాను.

రాజవ్వ పుట్టింటికి పోవడం మానేసింది. గోదావరి అవతల, జైపూర్ దిక్కున, ఆ ముసలామె అది బంగారమేనని ఒట్లు పెట్టుకుందట. కన్నతల్లి ఒట్టు కన్నా నా మాటే గట్టిదయింది.

తల్లి చనిపోయిన కొన్నాళ్లకు రాజవ్వ ముక్కుపుల్ల అతికించుకోవడానికి వచ్చింది. గుండ్లు ఏవని అడిగాను. నిజం చెప్పేద్దామనే అడిగాను.

"అవ్వ మెడలనే ఏసి బొంద వెట్టినం. ఆమె ఇత్తడి ఆమెకే," అంది.

ముక్కుపుల్ల అతికించి ఇచ్చి పంపాను.

తాగుబోతు చేతిలో పడకుండా ఆ బంగారాన్ని కాపాడానని ఇప్పటికీ అంటాను. ఎవరి కోసం కాపాడావని మాత్రం అడగకండి. రాజవ్వకు చదువు రాదు, ఇది ఆమెకు చేరదు. అయినా ఒక్కసారి నా అంతట నేను అనాలి. రాజక్కా, మీ అవ్వ నీకు పెట్టింది మేలిమి బంగారమే.

అనేశాను.