ఎత్తకూడని ఫోను

చొక్కాలకు బొత్తాలు కుట్టి కుట్టి ఆమె అసలు పేరు ఎప్పుడో అరిగిపోయింది. వీధి వీధంతటికీ ఆమె బొత్తాలమ్మే. భర్త కోల్డ్ స్టోరేజీలో పెట్టెలు మోసేవాడు. లోపలినుంచి తెరవడానికి పిడి లేని ఆ ఇనుప తలుపు బయట పూర్వం ఒక ముసలాయన స్టూలు వేసుకుని కూర్చునేవాడు. లోపలికి వెళ్లినవాళ్లను తలలు లెక్కపెట్టి బయటికి రప్పించడమే ఆయన కొలువు. అందరూ తలుపు తాత అనేవారు. చవక ఫోన్లు వచ్చాక యాజమాన్యం కూలీలకు తలా ఒకటి పంచి, ఫొటోలు తీయించుకుని, లోపల ఎవరైనా చిక్కుకుంటే ఫోను చేస్తారు, ఇక తాతతో పనిలేదని తేల్చేసింది.

ఆలుమగలకు ఆ ఫోను మాట్లాడుకునేది కాదు, మోగేది. ఒక్క రింగుతో ఆగితే ఆయన బయల్దేరాడని అర్థం. ఆమె వేణ్నీళ్లు పెట్టాలి. కొంకర్లు పోయిన వేళ్లు అందులో ముంచితేగాని ఆయన తన చొక్కా బొత్తాలు విప్పుకోలేడు. రెండు రింగులైతే ఆలస్యం. ఎత్తితే ఆయన డబ్బు కాలుతుంది గనక ఎత్తకూడదు. కాల్స్ ఉచితమై ఏడాది దాటినా ఆ కట్టుబాటు చెక్కుచెదరలేదు.

ఆ సాయంత్రం ఫోను మోగడం మొదలెట్టి ఆగలేదు. సూదిలో దారం ఎక్కిస్తున్న తోటికోడలు తలెత్తింది.

"ఎత్తక్కా, ఇప్పుడంతా ఫ్రీ."

"ఫ్రీ అంటే మనకి తెలీకుండా కోసుకుంటారని. మీ బావగారి వేలు మొద్దుబారి మీట మీదే ఉండిపోయింది, అంతే."

ఇద్దరూ నవ్వుకున్నారు. మళ్లీ మోగింది. మూడోసారీ మోగింది. ఆమె వేణ్నీళ్లు పెట్టింది. చల్లారితే మళ్లీ కాచింది. చీకటి పడ్డాక తనే చేస్తే అవతల పలకలేదు. మరిది వెళ్లి అడిగితే, ఐదింటికే ఆఫీసు మూసి అందరూ వెళ్లిపోయారని గేటు దగ్గరే తిప్పి పంపారు.

పొద్దున ఆ ఇనుప తలుపు తీసేసరికి ఆయన పెట్టెల మధ్య ముడుచుకుని, బిగుసుకుపోయి ఉన్నాడు. ఫోను చంకలో ఉంది. చలికి అది ఆగిపోకుండా ఒంటి వేడితో కాచుకున్నాడు.

వారం తిరక్కుండా సూపర్‌వైజరు ఒక కాగితం పట్టుకొచ్చి చదివి వినిపించాడు. కంపెనీ ఇచ్చిన ఫోను ఉద్యోగి దగ్గర ఉంది, పనిచేసింది, ఇంట్లో మూడుసార్లు మోగింది, భార్య ఎత్తలేదు. సంతకం పెడితే పరిహారం ఫైలు కదులుతుందన్నాడు. అందులో ఒక్క అబద్ధం లేదు.

"తలుపు తాత ఊసు లేదేంటండీ ఇందులో?"

"ఆయనిప్పుడు కంపెనీలో లేడు కదమ్మా, ఎందుకుంటుంది?"

"ఆ లేకపోవడమే రాయమంటున్నా."

సూపర్‌వైజరు గడియారం చూసుకున్నాడు. తోటికోడలు మోచేత్తో పొడిచి, పిల్లల మొహం చూడమంది. బొత్తాలమ్మ కలం అందుకుంది. భార్య ఎత్తలేదన్న మాటను కొట్టెయ్యలేదు. దాని కింద, బొత్తాం కుట్టినంత నెమ్మదిగా, 'తలుపు బయట ఎవరూ లేరు' అని రాసి, ఆ కింద సంతకం పెట్టింది.

కాగితం పాడుచేశావమ్మా, రేపు కొత్తది తెస్తానన్నాడు సూపర్‌వైజరు.

"తెండి. రాయడం అలవాటు లేని చెయ్యి. రేపటికి ఇంకాస్త బాగా కుదురుతుంది."